నైరుతి గోడలో ఏడు తేనెపట్లు

ఫిబ్రవరి ఆరో తేదీ ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకు నా భార్యను తేనెటీగ కుట్టింది. పెరట్లో ఉతికిన బట్టలు ఆరవేస్తుండగా, మెడకు ఎడమ వైపున, చెవికి రెండంగుళాల కింద. పది గంటల యాభై మూడుకు పెదవులు వాచాయి. మరో రెండు నిమిషాలకు గొంతు మారింది. హూడిలోని మా ఇంటికి ఒకటిన్నర కిలోమీటర్ల దూరాన ఉన్న ఆస్పత్రికి చేరేసరికి పదకొండు దాటి తొమ్మిది నిమిషాలు. ఒకటిన్నర కిలోమీటర్లకు పద్నాలుగు నిమిషాలు పట్టే ఈ సాఫ్ట్‌వేరు నగరానికి వేగం గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పాలన్న కోరిక ఎందుకో నాకు ఇంతవరకు అర్థం కాలేదు.

డాక్టరమ్మ ఇంజక్షను ఎక్కిస్తూనే, కుట్టిన ఎంతసేపటికి వాపు మొదలైందని అడిగింది. పదకొండు నిమిషాలని చెప్పాను. ఆమె తలెత్తి నన్ను చూసి ఆ అంకె చీటీలో రాసుకుంది. ఆ పూట ఆ గదిలో ఎవరైనా పలికిన పనికొచ్చే మాట అదొక్కటే. అయినా గొంతు తెరుచుకోగానే నా భార్య నర్సుతో అన్న మొదటి మాట ఇది:

"నాకు ఊపిరాడక సస్తాంటే ఈయన గడియారం చూస్తాండాడమ్మా."

సాయంత్రం డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి విషయం సూటిగా చెప్పింది. ఇంకొకసారి కుడితే ఇంత తేలికగా పోకపోవచ్చు. ఆస్పత్రి దాకా తీసుకురావడానికి వ్యవధి ఉండకపోవచ్చు. మందు నింపిన సిరంజి ఎప్పుడూ దగ్గర ఉండాలి. ఈగలు ఎక్కడినుంచి వస్తున్నాయో కనుక్కొని వదిలించేదాకా ఆమెను ఆ ఇంట్లో ఉంచరాదు. ఆ రాత్రికే నా భార్య ఆస్పత్రినుంచి తిన్నగా ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్న తన చెల్లెలి ఇంటికి వెళ్ళింది. వెళుతూ కారు అద్దంలోంచి ఎన్ని దినాలని అడిగింది. ఆధారం లేని అంకె చెప్పడం నాకు అలవాటు లేదు గనుక జవాబు చెప్పలేదు.

మరునాడే ఆధారం దొరికింది. పెరటి వైపు, దక్షిణపు గోడలో, నేలనుంచి మూడడుగుల రెండంగుళాల ఎత్తున సిమెంటు పూత గిలాబాలో ఒక బీట. వెడల్పు పదకొండు మిల్లీమీటర్లు. దానిలోంచి ఈగలు వస్తూ పోతూ ఉన్నాయి. కుర్చీ వేసుకొని, దుప్పటి కప్పుకొని, పది నిమిషాలు లెక్కపెట్టాను. లోపలికి పోయేవి నిమిషానికి సగటున ముప్పై ఎనిమిది. గూడు చెట్టుమీద కాదు, నా ఇంటి గోడలో ఉంది. ఇది తేలాక మిగిలినది రెండే ప్రశ్నలు: గోడలో సరిగ్గా ఎక్కడ, వాటిని ఎలా తీయాలి. ఈ రెండు ప్రశ్నలకు ఈ నగరంలో చదువుకున్నవారు ఇచ్చిన జవాబులను తేదీల వారీగా రాసి ఉంచాను. చదివితే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మొదట మా మేడమీద అద్దెకున్న అబ్బాయి. గుంటూరు వైపువాడు, ముప్పై ఏళ్ళుంటాయి, ఏదో సాఫ్ట్‌వేరు కంపెనీలో పెద్ద ఉద్యోగం. బీట ముందు నిలబడి ఫోనుతో మూడు నిమిషాలు వీడియో తీసుకున్నాక నాకు ధైర్యం చెప్పాడు.

"అంకుల్, యాక్చువల్‌గా అవి మనకంటే ఎక్కువ భయపడుతుంటాయండి. ఇగ్నోర్ చేసేస్తే అవే షిఫ్ట్ అయిపోతాయి."

"ఎప్పటికి?"

"డిపెండ్స్ అంకుల్."

"దేనిమీద?"

"అంటే... నేచర్ కదా అంకుల్."

అతను ఆ వీడియోను మా లేఔటు నివాసుల వాట్సాప్ బృందంలో పెట్టాడు. తొమ్మిదో తేదీ రాత్రికి నలభై ఒక్క జవాబులు వచ్చాయి. చేతులు జోడించిన బొమ్మలు పద్నాలుగు. కర్పూరం వెలిగించమన్నవారు తొమ్మిదిమంది. తేనెపట్టు ఇంట్లో పట్టడం లక్ష్మీ కటాక్షమని, కదిలించవద్దని హితవు చెప్పినవారు ఏడుగురు. తేనె తీశాక తమకొక సీసా ఉంచమన్నవారు ఆరుగురు. ప్రభుత్వం ఏం చేస్తోందని అడిగినవారు ముగ్గురు. మిగిలిన రెండు ఎవరి పుట్టినరోజుకో శుభాకాంక్షలు. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన వ్యవహారమని, వీడియో కింద నేను పెట్టిన సందేశం మొదటి వాక్యంలోనే రాశాను. నలభై ఒకరిలో ఆమె ఎలా ఉందని అడిగినవారు సున్నా.

పదకొండో తేదీన పురుగుల మందు కంపెనీ మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు పట్టీ, చేతిలో పలక లాంటి కంప్యూటరు. గోడకు ఆరడుగుల దూరంలోనే ఆగి తనిఖీ పూర్తయిందన్నాడు.

"మాది ఇంపోర్టెడ్ ఫోమ్ సార్. కొట్టినమంటే వన్ అవర్ల ఫినిష్. మీరు ఛాయ్ తాగొచ్చేలోపు క్లీన్."

"చచ్చినవి ఎక్కడికి పోతాయి?"

"లోపల్నే ఉంటయి సార్."

"మైనం, తేనె?"

"అవి గూడ లోపల్నే."

"మార్చి ఎండకు కరిగి గోడలోంచి దిగితే?"

"అది మా స్కోప్‌ల లేదు సార్."

"సరే. సగం మందు తగిలి బయటపడ్డ ఈగలు ఎటు పోతాయి?"

ఆ ప్రశ్న అతనికి ఎవరూ వేయలేదు కాబోలు, చేతిలోని పలకలో వెతికి చూశాడు. "ఎటన్న పోతయి సార్, ఈగలే గద."

ఎటన్నా పోకూడదన్నదే ఇక్కడి సమస్య. పిచ్చెత్తిన ఈగ ఒక్కటి ఏ పరదా మడతలోనో దాగి, వారం తరువాత నా భార్య ఆ పరదా జరిపితే చాలు. అతనికి మంచినీళ్ళిచ్చి పంపేశాను. ఆ తరువాత నాలుగు రోజులపాటు తన సేవకు నక్షత్రాలు ఇవ్వమని నా ఫోనుకు సందేశాలు వస్తూనే ఉన్నాయి.

ఇక ఎవరినీ నమ్మకుండా నేనే పనికి దిగాను. ముప్పై నాలుగేళ్ళు కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేసినవాణ్ణి. వెంట్రుకలో పదో వంతు తేడాకు యంత్రభాగాలను వెనక్కి పంపినవాణ్ణి. కరోనా కాలంలో కొన్న, నుదుటికి గురిపెట్టే ఉష్ణమాపకం ఇంట్లో ఉంది. ఈగలు తమ పిల్లల్ని వెచ్చగా కాపాడుకుంటాయి గనుక గూడు ఉన్నచోట గోడ కొంచెం వేడిగా ఉండాలి. పన్నెండో తేదీన లోపలి వైపు గోడమీద పెన్సిలుతో ఆరంగుళాల గళ్ళు గీశాను. అడ్డం ఎనిమిది, నిలువు పది, మొత్తం ఎనభై. ఉదయం ఏడుకు, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరుకు ప్రతి గడినీ కొలిచాను. చాలా గళ్ళలో ఇరవై ఆరు డిగ్రీలు. నడిమధ్య పందొమ్మిది గళ్ళలో మాత్రం ముప్పై ఒకటి నుంచి ముప్పై రెండు.

ఇంత స్పష్టంగా జవాబు వచ్చాక నేను చేసిన పని ఏమిటంటే, ఉష్ణమాపకం చెడిపోయిందని తీర్మానించడం.

దానికి కారణం ఉంది. అది మా ఇంటి నైరుతి మూలగది. ఆ గోడలో ఒకప్పుడు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ ఉండేది. నా భార్య ఆ వెలుతురులో కూర్చొని కుట్టుపని చేసుకునేది. తొమ్మిదేళ్ళ కిందట, నేను పదవీ విరమణ చేయబోయే నెలలో, ఒక వాస్తు పండితుడు వచ్చి ఆ కిటికీని మూయించాడు. వాస్తును నేను నమ్మేవాణ్ణి కాదు. గ్రహాలు, శాపాలు అని మొదలుపెట్టి ఉంటే గేటు దాటించేవాణ్ణి. అతను టేపు, దిక్సూచి తీశాడు. గది పొడవు పదకొండడుగులు, వెడల్పు పదడుగులు, వైశాల్యం నూట పది. తొమ్మిదితో గుణిస్తే తొమ్మిది వందల తొంభై. ఎనిమిదితో భాగిస్తే శేషం ఆరు. ఆరు వస్తే ఖరాయం, అనగా గాడిద. ఇంటికి మంచిది కాదు, నైరుతిలో కంత ఉండటం ఇంకా చెడ్డది, మూసేయండి అన్నాడు. నేను కాగితంమీద ఆ భాగహారం మళ్ళీ చేసి చూసుకున్నాను. శేషం ఆరే. లెక్క తప్పలేదు గనుక మనిషిని నమ్మాను. కిటికీ మూసినా గది వైశాల్యం నూట పదే కదా, చెడ్డ ఆరు మంచి ఏడెలా అవుతుందని అడగాలన్న ఇంగితం నాకు ఆ రోజు కలగలేదు. ఆ గదిలో గాడిద ఎవరో గుర్తించడానికి భాగహారం అక్కర్లేదు.

"గాలి యాడనుంచి వస్తాది?" అని నా భార్య ఒక్కసారి అడిగింది. ట్యూబులైటు వేయిస్తానని చెప్పాను. గాలి అడిగిన మనిషికి దీపం ఇచ్చాను.

మూసిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి గోడ నున్నగా, తడి గిలాబాతో ఉంది. ఆ రాత్రి ఇంటి నిర్మాణపు రిజిస్టరులో ఇలా రాశాను: "దక్షిణపు కిటికీ మూత. పన్నెండు చదరపు అడుగులు. చదరపు అడుగుకు పది చొప్పున ఇటుకలు నూట ఇరవై." అందువల్ల ఇప్పుడు ఆ చోట ఉన్నది తొమ్మిదంగుళాల నిండు గోడ. నిండు గోడలో ఈగ దూరదు. గూడు పైన, కిటికీకి ఎండావానా తగలకుండా వేసిన నీడ పలక సందులో ఉండి తీరాలి. ఉష్ణమాపకం అబద్ధం చెబుతోంది.

కనుక పదమూడు, పద్నాలుగు, పదిహేను తేదీలు ఉష్ణమాపకాన్ని పరీక్షించడంలో గడిచాయి. నా నుదుటిని దానితోను, చంకను మామూలు జ్వరపు గొట్టంతోను కొలిచి సరిచూశాను. గిన్నెలో నీళ్ళు కాచి సరిచూశాను. ఎండవల్ల గోడ వేడెక్కుతోందేమోనని బయట దుప్పటి వేలాడదీసి సరిచూశాను. మేడమీది అబ్బాయి ఒకసారి గుమ్మంలోంచి తొంగిచూసి, గోడమీద గళ్ళకు ఎదురుగా నుదుటికి తుపాకీ పెట్టుకొని నిలబడ్డ నన్ను గమనించి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కిపోయాడు. ఉష్ణమాపకంలో దోషం కనిపించలేదు. రిజిస్టరును పరీక్షించాలన్న ఊహ మాత్రం ఆ మూడు రోజుల్లో ఒక్కసారైనా రాలేదు.

పదహారో తేదీ ఉదయం నా భార్య ఫోను చేసింది.

"ఎన్నో దినము ఈ పొద్దు?"

"పదకొండు."

"దినాలు లెక్కబెట్టేకి మీరు బాగా పనికొస్తారు. పని ఏమన్నా అయ్యిందా?"

"గూడు యాడుందో తేలనీ. కిటికీ ఉండిన చోట వేడి చూపిస్తాండాది. ఆడ ఉండేకి లేదు, అది నిండు ఇటుక గోడ."

 ఆమె నవ్వింది. కుట్టిన రోజు తరువాత ఆ నవ్వు వినడం అదే మొదటిసారి.

"ఇటుకలా? యా ఇటుకలండీ?"

"నూట ఇరవై. రాసి పెట్టుకోనుండాను."

"ఆ పొద్దు మన వాకిట్లోకి ఒక ఇటుకా రాలేదు. మీ వాస్తాయన ముహూర్తం రెండే రెండు ఘడియలు పెట్టినాడు కదా. రెండు ఘడియల్లో మేస్త్రీ గోడ కట్టేకి అవుతుందా? లోపల్నుంచి ప్లైవుడ్డు కొట్టినాడు, బయట సిమెంటు రేకు కమ్మీలకు తంతితో కట్టినాడు, రెండు పక్కలా గిలాబా మెత్తినాడు. మీ వాస్తాయన టైముకు మూసినారని ఆశీర్వాదం చేసి పోయినాడు. నడాన అంతా ఖాళీ."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడిగితే కదా. వస్తానే రిజిస్టరు తీసి రాస్తా కూచుంటిరి. ఇంట్లో ఉండిన మనిషిని నేను."

రెండు ఘడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు. పన్నెండు చదరపు అడుగుల గోడ అంత వ్యవధిలో లేవదని ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. ముహూర్తం దాటితే దోషమట. ముహూర్తం లోపల బొంత చుట్టినట్టు చుట్టేస్తే దోషం లేదట. మన దేశంలో ఎన్ని గోడల నడుమ ఇలాంటి ఖాళీలు ఉన్నాయో! అందులోనూ నూట ఇరవై అన్నది నేను లెక్కపెట్టిన అంకె కాదు, లెక్కగట్టిన అంకె. ఈ రెంటికీ ఉన్న తేడాను ముప్పై నాలుగేళ్ళు కుర్రవాళ్ళకు నేర్పి జీతం తీసుకున్నాను.

"సరే వినండి," అంది నా భార్య. "ఈడ ఎళనీరు టెంకాయలు అమ్మేటాయన ఒకర్ని చెప్పినాడు. దేవనహళ్ళి పక్కనుంచి వస్తాడంట, ఈగల్ని సంపకుండా పెట్టెలో పట్టుకోనిపోతాడంట. నేనే మాట్లాడినాను. ఎల్లుండి మూడింటికి వస్తాడు. మీరు గోడమీద గీతలు గీస్తానే ఉండండి."

పద్దెనిమిదో తేదీన అతను మూడింటికి రాలేదు. నాలుగు గంటల పది నిమిషాలకు, స్కూటరు వెనుక చెక్కపెట్టె కట్టుకొని వచ్చాడు. యాభై దాటినవాడు, పొట్టిగా, చేతులు ద్రాక్షతోటల్లో ముదిరినట్టున్నవి. డెబ్భై నిమిషాలు ఆలస్యమైందని చెప్పాను.

"ఈగలు ఇంటికొచ్చే పొద్దుకే నేనూ వస్తాను సార్. మూడింటికి వచ్చింటే సగం తోటల్లోనే ఉంటాయి. వాట్ని ఇడిసిపెట్టి పోతే మీ అమ్మగారికే కదా తొందర."

జవాబు సరిగానే ఉంది. ఫోనులో మూడింటికని ఎందుకు చెప్పావంటే మాత్రం నవ్వి, పెట్టె కట్లు విప్పసాగాడు.

గదిలోకి వచ్చి గళ్ళను చూశాడు. అంతవరకు వాటిని చూసిన ఒకే ఒక్కడు మేడమీదికి పారిపోయాడు. ఇతను పారిపోలేదు. అరచేయి ఆనించి, మధ్య గళ్ళమీదుగా మెల్లగా జరిపి, సరిగ్గా పందొమ్మిది గళ్ళ అంచున ఆపాడు.

"పిల్లలుండేది ఈడికే. తేనె దీనికి పైన ఉంటాది. బాగానే పట్టినారు సార్. ఎట్ల తెలిసింది?"

ఉష్ణమాపకం చూపించాను. నాకు వారం పట్టిన పనిని అతని చేయి అరనిమిషంలో చేసిందన్న సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

బయటి రేకును కదిలించవద్దని, లోపలినుంచే పలక ఊడదీయాలని అన్నాడు. గదికి ఇంకో కిటికీ లేదు. తలుపు వేసి, కింద తడిగుడ్డ దూర్చి, దీపం ఆర్పించాడు. చీకట్లో ఈగ ఎగరదట. టార్చికి ఎర్ర కాగితం చుట్టి నా చేతికిచ్చాడు. ఈగకు ఎరుపు కనపడదట. ఆధారం అడిగాను.

"వాటికి కనపడేదైతే ఇన్నేండ్లలో కండ్లు వాచి నాకే కనపడేది కాదు సార్. గమ్మున పట్టుకోండి."

వల టోపీ పెట్టుకొని పట్టుకున్నాను. కొబ్బరిపీచు పొగ నాలుగుసార్లు ఊది, పలక అంచులో ఇనుప బద్ద దూర్చి లేపాడు. మేకులు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. పలక విడిరాగానే ముఖానికి వెచ్చటి ఆవిరి తగిలింది. తేనె, మైనం, తడిచెక్క కలిసిన వాసన. ఎర్రటి వెలుతురులో, తొమ్మిదేళ్ళుగా నేను నిండు గోడ అనుకున్నచోట, పైచట్రంనుంచి ఏడు పట్లు పలకల్లా వరుసగా వేలాడుతున్నాయి. అన్నింటికంటే పొడవైనది పందొమ్మిది అంగుళాలు. వాటి నడుమ ఎడం ఎక్కడ కొలిచినా ఒకటే. పట్లమీద ఈగలు ఒకే గుడ్డలా కదులుతున్నాయి. నూట ఇరవై ఇటుకల్లో ఒక్కటి లేదు.

"తుడువె సార్," అన్నాడతను మెల్లగా. మా ఊరివైపు పుట్టతేనె అనే చిన్న ఈగలను కన్నడంలో అలా అంటారు. "సాధువులు. వీటికి కోపం తక్కువ. మీ అమ్మగారు బట్టల కింద అణిచింటారు దాన్ని."

"ఎన్ని ఉంటాయి?"

"ఇరవై వేలో, ముప్పై వేలో."

"ఆ రెంటికీ మధ్య పదివేల తేడా ఉంది."

"ఆ పదివేలు మీరే ఎంచుకోండప్పా. నాకు కావాల్సింది ఒకటే. రాణి."

అంచునుంచి ఒక్కొక్క పట్టునే కత్తితో కోశాడు. తేనె ఉన్నవాటిని స్టీలు గిన్నెలోకి, పిల్లలున్నవాటిని చెక్క చట్రాల్లోకి. చట్రంలో నిలిచేలా అరటినారతో, పసిబిడ్డకు గోచీ కట్టినంత జాగ్రత్తగా కట్టాడు. తొందరపడలేదు, మాట్లాడలేదు. నలభై ఏళ్ళలో నా ఇంటికి పనికి వచ్చినవారిలో, చేసే పనిమీదనే కళ్ళుంచినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఇతణ్ణి ఆ వేళ్ళలో ఒకదానికి కేటాయించాను. నాలుగో పట్టుమీద ఆగి, వేలితో చూపించాడు. మిగిలినవాటికంటే పొడుగ్గా, నల్లగా ఒకటి, తొందరేమీ లేనట్టు నడుస్తోంది. దాన్ని గాజు గ్లాసుతో కమ్మి పెట్టెలోకి దించి, వాకిలికి సన్నటి సందుల రేకు బిగించాడు. పనీగలు ఆ సందుల్లో దూరగలవు, రాణి దూరలేదు. పెట్టెను అలాగే గోడలో బోర్లించి కూర్చున్నాం. పది నిమిషాల్లో వాకిలి దగ్గర కొన్ని ఈగలు తోకలెత్తి రెక్కలాడించాయి. మిగిలినవి బారులుకట్టి లోపలికి నడిచాయి. ఏ ఊరేగింపునూ ఇంత క్రమంగా నేను చూడలేదు. దీనికి ఎవరూ ముహూర్తం పెట్టలేదు.

ఆరు గంటల యాభై నిమిషాలకు పెట్టె వాకిలి మూసి స్కూటరుకు కట్టాడు. దేవనహళ్ళి దగ్గర దానిమ్మ తోటలో పెడతానన్నాడు. మైనం గీకి, సున్నం కొట్టి, వల బిగించమన్నాడు. తోటల్లో చిక్కుబడి ఆలస్యంగా వచ్చే ఈగలు కొన్ని దినాలు ఇల్లు వెతుక్కుంటాయని, తరువాత అవే పోతాయని చెప్పాడు.

"ఎన్ని దినాలు?"

"వాసన పోయేదాకా." ఈ జవాబుకు కోపం రాకపోవడం నాకే ఆశ్చర్యం కలిగించింది.

పందొమ్మిదో తేదీన బయటి రేకు ఊడదీయించి, చట్రానికి సన్నటి ఇనుప వల బిగింపించాను. అదే రోజు వాస్తు పండితుడికి ఫోను చేశాను. అతనిప్పుడు వీడియోలో మాత్రమే సలహాలిస్తాడట. జరిగింది చెబితే అతను తొణకలేదు. "చూశారా, నైరుతి బరువుగా ఉండాలన్నాను, ప్రకృతే బరువు పెట్టింది," అన్నాడు. కిటికీ తెరిచానంటే, దోషం పోవడానికి గడపలో రాగి పట్టీ వేయించమన్నాడు. ఎన్ని అంగుళాలదని అడగలేదు. అంకె చెబితే మళ్ళీ నమ్ముతానేమోనని భయం వేసింది.

నా భార్య రావడానికి ఒక నియమం పెట్టాను: వలమీద వాలే ఈగల సంఖ్య వరుసగా ఏడు రోజులు సున్నా కావాలి. రోజుకు మూడుసార్లు, పది నిమిషాల చొప్పున లెక్క. పందొమ్మిదిన అరవై నాలుగు. ఇరవైన పందొమ్మిది. ఇరవై ఒకటిన నాలుగు. తరువాతి రెండు రోజులు సున్నా. ఇరవై నాలుగున రెండు, కనుక మళ్ళీ మొదటినుంచి. ఇరవై ఐదున సున్నా. ఇరవై ఆరు ఉదయం తొమ్మిదింటి లెక్కలో ఒకటి. పుస్తకం మూస్తుండగా గేటు ముందు ఆటో ఆగింది. సంచీతో నా భార్య దిగింది.

అడ్డంగా నిలబడ్డాను. "లోపలికి రావద్దు. ఇప్పుడే ఒకటి కనపడింది."

"ఒకటా? ఒకటే ఒకటా?"

"ఒకటి చాలు. డాక్టరమ్మ చెప్పింది మరిచిపోయినావా?"

"ఆ యమ్మ ఇచ్చిన మందు సంచీలోనే ఉండాది. దారి ఇడవండి. ఇరవై దినాలు నన్ను యాడ పెట్టినారో మీకు తెలుసునా? మా చెల్లెలి వాళ్ళ బాల్కనీకి నాలుగడుగులు పైన హెజ్జేను పట్టు యాలాడతాండాది. చాట కంటే పెద్దది."

హెజ్జేను అంటే పెద్ద కొండ తేనెటీగ. కదిలిస్తే గుంపుగా వెంటబడేది అదే. మా గోడలోని సాధువులతో దానికి పోలికే లేదు. నా ఇంటి గోడను ఎనభై గళ్ళుగా కొలిచిన నేను, ఆమెను పంపిన ఇంటికి ఒక్కసారైనా వెళ్ళి తలెత్తి చూడలేదు.

"చెప్పలేదేం?" అన్నాను.

"చెప్తే ఇంకా యాడికి పంపిస్తారో అని. దినమంతా బాల్కనీ తలుపు మూసుకోని, గాలాడక సెకలో కూచుంటి. ఆ లోపల సచ్చేదానికంటే నా ఇంట్లో మీ ఒక్క ఈగతో బతికేది మేలు. మీతో నలభై ఆరేండ్లు బతకలేదా?"

సంచీ నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. సిరంజి పట్టుకొని వెనకే వెళ్ళాను. తిన్నగా నైరుతి గదికి వెళ్ళి, వలకు రెండడుగుల దూరంలో నిలబడి, బయటికి చూసింది. తరువాత కుట్టుమిషను మీది గుడ్డ తీసి, దాన్ని కిటికీ కిందికి జరపమంది. జరిపాను. మూడంగుళాలు ఎడమకు జరపమంది. అలాగే జరిపాను.

నా లెక్క నేను మానలేదు. వల బయట కుర్చీ వేసుకొని రోజుకు మూడుసార్లు కూర్చున్నాను. లోపల ఆమె కుట్టుకుంటూ, "ఏమన్నా వచ్చిందా?" అని అడిగేది. రాలేదని చెబితే, "పాపం," అనేది. ఆ మాట ఈగను గురించో నన్ను గురించో అడగలేదు. మార్చి ఐదో తేదీ సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు వరుసగా ఏడో రోజు సున్నా పూర్తయింది. ఆమె ఇంటికి వచ్చి అప్పటికి ఎనిమిది రోజులు. పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళి, ఇల్లు ఇప్పుడు పూర్తిగా సురక్షితమని ప్రకటించాను.

పోపు గరిట ఆపకుండానే ఆమె అడిగింది:

"అట్లైతే నేనింక లోపలికి రావచ్చునా?"